పద్నాలుగో అంశం

నగర కౌన్సిల్లో మినిట్స్ రాసే ఆవిడ భూతద్దం మేడమ్ డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చేసరికి ఉదయం పదకొండున్నర. కుర్చీ చూపించినా కూర్చోలేదు. హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో పొట్టకి అదుముకుని, "నా ఉద్యోగం పోతోందండీ. మధ్యాహ్నం మూడింటికి," అంది, రైలు టైము చెప్పినట్టు.

భూతద్దం మేడమ్ చేతిలో పని పక్కన పెట్టింది. ఆవిడకి ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఆఫీసంతా గాలించినా భూతద్దమన్నది దొరకదు. ఉన్నవల్లా నాలుగు కుర్చీలు, ఒక బీరువా, ఒక అసిస్టెంటు. ఆ అసిస్టెంటు, మేడమ్ తుమ్మినా అందులో ఏదో అంతరార్థం ఉంటుందని నోటుబుక్కులో రాసుకునే రకం. ఆ పూట మాత్రం అతను కాస్త చిరాగ్గా ఉన్నాడు. వారం క్రితమే ఇస్తానన్న కొత్త చొక్కా టైలరమ్మ ఇంకా ఇవ్వలేదు. కాలరు చిరిగిన పాతదే వేసుకొచ్చాడు. దానికితోడు కాలువ మీద చెక్క వంతెనకి అడ్డంగా తాడు కట్టేశారు. ఎవరో పడ్డారట. రెండు నెలలుగా ఊగుతున్న మూడో పలకని అతను రోజూ ఒక్క అంగలో దాటేసి వచ్చేవాడు. ఇప్పుడు చుట్టూ తిరిగి రావలసి వస్తోంది.

"నెమ్మదిగా చెప్పండి," అంది మేడమ్.

ఆవిడ చెప్పింది. నగర కౌన్సిలు నెలకోసారి సమావేశమవుతుంది. అక్కడ జరిగిందంతా ఆవిడ మినిట్స్ పుస్తకంలో రాస్తుంది. తర్వాతి సమావేశంలో సభ్యులందరూ "ఆమోదం" అంటే మేయర్ దాని కింద సంతకం పెడతాడు. సంతకం పడిందంటే ఇక ఆ రాత మారదు. ఈ ఉదయం పదింటికి ఆవిడే బీరువాలోంచి పుస్తకం తీసి, హాల్లో మేయర్ బల్ల మీద పెట్టి, పైన బరువుకి బెల్లు ఉంచింది. కింద అజెండా కాగితాలు తెచ్చుకుని పావుగంటలో తిరిగొస్తే బెల్లు ఉంది, పుస్తకం లేదు.

"మూడింటికి సమావేశం. ఆలోగా పుస్తకం దొరక్కపోతే సస్పెన్షన్ కాగితం ఇస్తానన్నారు కమిషనర్‌గారు. పంతొమ్మిదేళ్ళ సర్వీసండీ. ఇంట్లో అమ్మకి కళ్ళు సరిగ్గా కనపడవు. నా జీతం తప్ప ఇంకో ఆధారం లేదు."

"పోయిన సమావేశంలో విశేషం ఏమైనా జరిగిందా?"

"ఏముంటుందండీ. పద్నాలుగు అంశాలు. దీపాలు, చెత్తబండ్లు, కుక్కలు. ఎప్పుడూ ఉండేవే."

"మీరు మొదట్నుంచి చివరిదాకా హాల్లోనే ఉన్నారు కదూ?"

ఆవిడ బొటనవేలు బ్యాగు జిప్పు మీద అటూ ఇటూ రెండుసార్లు తిరిగింది. "ఉన్నానండీ," అంది చివరికి. అసిస్టెంటు ఆ రెండుసార్లూ లెక్కపెట్టి రాసుకున్నాడు. మేడమ్ రాసుకోలేదు గాని, లేచి చెప్పులేసుకుంది.

కౌన్సిలు హాలు గుర్రపు నాడాలా వంపు తిరిగిన బల్లలతో, దుమ్ము పట్టిన మైకులతో ఉంది. గోడగడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తోంది. మేయర్ అప్పుడే వచ్చి తన కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం చదవాల్సిన ప్రసంగాన్ని పైకి చదివి చూసుకుంటున్నాడు. మనిషి పొట్టి. వంతెన ప్రమాదం మీద విచారం వెలిబుచ్చే చోట గొంతు ఎంత తగ్గించాలో తేల్చుకోలేక అదే వాక్యం మూడుసార్లు చదివాడు. మధ్యలో కాళ్ళు ఊపుకుంటూ, "ఏమయ్యా, ఈ కుర్చీ ఇవాళ ఏదో తేడాగా ఉంది. కాళ్ళు నేలకి ఆనడం లేదు," అన్నాడు అటెండరుతో.

"లేదండయ్యా, ఎప్పుడూ ఉండేదే," అన్నాడు అటెండరు. తలంతా నెరిసిపోయిన ఆయన అప్పటికే అద్దంలా ఉన్న బల్లని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

మేడమ్ బెల్లుకేసి చూసింది. ఏళ్ళ తరబడి ఒక్కచోటే ఉండటంతో దాని కింద చెక్క మీద గుండ్రటి మచ్చ పడింది. బెల్లు ఆ మచ్చ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుని ఉంది.

"మీరు తిరిగొచ్చాక దీన్ని ఎవరైనా కదిపారా?"

"లేదండీ. ఇలాగే ఉంది," అంది మినిట్స్ ఆవిడ.

మేడమ్ మేయర్ వైపు తిరిగింది. "పోయిన సమావేశం ఎన్నింటికి ముగిసిందండీ?"

"అడక్కండి. వీధికుక్కల మీదే గంటన్నర! పొద్దున్న పదింటికి మొదలైతే బయటపడేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అందుకే ఈసారి భోజనాలయ్యాక పెట్టాం."

మేడమ్ పోయిన సమావేశపు అజెండా కాగితం మీద వేలు పెట్టింది. "చివరి అంశం, ఈ పద్నాలుగోది, కాలువ వంతెన మరమ్మతు. దాన్ని ఏం చేశారు?"

"వాయిదా వేశాం. కాగితం మీద ఉంది."

"కాగితం సంగతి కాదు. మీకు గుర్తుందా?"

మేయర్ కాళ్ళు ఊపడం ఆపాడు. "అప్పటికి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయమ్మా. ఏదో అడిగారు, అందరూ ఆమోదం అన్నారు, లేచాం."

కింద అంతస్తులో ఇంజినీరు మాట పూర్తికాకుండానే ఫైలు తీసి ముందు పడేశాడు. "ఇదిగో, సమావేశం నాడే నాకొచ్చిన తీర్మానం నకలు. వంతెన మరమ్మతు వచ్చే సమావేశానికి వాయిదా. ఆ మాట ఉండగా నేనెలా ముట్టుకుంటాను? ఆవిడెవరో పడిపోతే అందరూ నా మొహంకేసి చూస్తున్నారు."

"ఈ ముద్ర మీదేనా?"

"మాదే. మా సెక్షన్లో తేదీ, టైము వెయ్యందే కాగితం లోపలికి రానివ్వం." అంత బాధలోనూ ఆ మాట కాస్త గర్వంగానే అన్నాడు. ముద్రలో పన్నెండూ పది అని ఉంది.

"తెచ్చిందెవరు?"

"ఇంకెవరు, అటెండరే."

వంతెన ఉన్న వార్డు కౌన్సిలర్ మెట్ల దగ్గర ఒంటరిగా టీ తాగుతూ దొరికాడు. సమావేశాల్లో వెనక బెంచీలో కూర్చునే మనిషి. వంతెన మాట ఎత్తగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"నేను లేచి గట్టిగా అడిగినట్టే గుర్తండీ. వారంలోగా బాగు చెయ్యాలన్నాను. అందరూ ఆమోదం అన్నట్టే గుర్తు. రెండు వారాలు చూసి ఇంజినీరుని అడిగితే కాగితం చూపించాడు. వాయిదా అని ఉంది. ప్రభుత్వ కాగితం అబద్ధం చెబుతుందా? నేనే పొరబడ్డానేమో అనుకున్నాను." ఆయన గ్లాసుని గోడ వారకి జరిపాడు. "ఆ తర్వాత వారానికే పడిపోయిందావిడ."

అసిస్టెంటుకి ఎందుకో మూడో పలక గుర్తొచ్చింది. నోటుబుక్కులో తల దూర్చి, రాయడానికేమీ లేకపోయినా ఏదో రాశాడు.

రెండున్నరకి మేడమ్ అందరినీ హాల్లో పోగేసింది. కమిషనర్ చేతిలో సస్పెన్షన్ కాగితం సిద్ధంగా ఉంది. మేయర్ కుర్చీ దిగలేదు. ఇంజినీరు, వార్డు కౌన్సిలర్ చెరో పక్కన కూర్చున్నారు. మినిట్స్ ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. తలుపు దగ్గర, ముప్ఫై ఏళ్ళుగా తను నిలబడే చోటే, అటెండరు ఉన్నాడు.

"పుస్తకం ఎవరు తీశారన్నది కష్టమైన ప్రశ్న కాదు," అంది మేడమ్. "తీసినవారు బెల్లుని ఎత్తి పక్కన పెట్టారు, పుస్తకం తీశారు, బెల్లుని మళ్ళీ దాని మచ్చ మీద పెట్టారు. దొంగతనం చేసే తొందరలో ఉన్నవాడు అలా పెట్టడు. రోజూ ఆ బల్ల తుడిచే చేతికి మాత్రం ఇంకోలా పెట్టడం రాదు."

అటెండరు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"పుస్తకం ఈ హాలు దాటిపోలేదు. పావుగంటలో దాచాలి, ఎవరూ చెయ్యిపెట్టని చోటు కావాలి. ఈ హాల్లో అందరూ చూస్తూ, ఎవరూ ముట్టుకోనిది ఒక్కటే ఉంది. మేయర్‌గారూ, ఒక్కసారి లేస్తారా?"

మేయర్ అర్థంకాక లేచాడు. మేడమ్ కుర్చీలోని దిండు ఎత్తింది. దాని కింద మినిట్స్ పుస్తకం, ఇంతసేపూ మేయర్‌గారి బరువు మోస్తూ, పడుకుని ఉంది.

"దీనిమీదా నేను కూర్చున్నది!" అన్నాడు మేయర్, వెనక్కి తడుముకుంటూ. ఎవరికీ నవ్వు రాలేదు.

"సమావేశం అయిపోగానే మళ్ళీ బీరువాలో పెట్టేద్దామనుకున్నానమ్మా," అన్నాడు అటెండరు. "ఈ పిల్లని సస్పెండ్ చేస్తారని నాకేం తెలుసు? తెలిశాక తీద్దామని వస్తే అయ్యగారు వచ్చి కూర్చున్నారు. ఇంక లేస్తేనా!"

"ఎందుకు బాబాయ్?" అంది మినిట్స్ ఆవిడ. "నేను నీకేం చేశాను?"

ఆయన చేతిలో గుడ్డని మడతపెట్టసాగాడు. మేడమే చెప్పింది. "ఎందుకంటే ఇందులో ఉన్నది అబద్ధం. వంతెన వారంలో బాగుచెయ్యాలని ఈ కౌన్సిలర్‌గారు లేచి అడిగారు, ఇందులో వాయిదా అని ఉంది. ఇవాళ మేయర్‌గారు సంతకం పెడితే ఆ అబద్ధం ఖాయమైపోతుంది. సమావేశం ఒంటిగంట దాటాక ముగిసింది. చివరి అంశం మీద తీర్మానం మాత్రం పన్నెండూ పదికే ఇంజినీరు చేతిలో ఉంది. సభ్యులు ఇంకా కుక్కల దగ్గరే ఉన్నారు, వంతెన దాకా రానేలేదు. జరగని దాన్ని ఎవరు రాయగలరు?"

మినిట్స్ ఆవిడ గోడని వదిలి ముందుకొచ్చింది.

"ముందురోజే రాసేస్తానండీ," అంది. "పన్నెండేళ్ళుగా అంతే. అజెండాలో ఏముంటే అదే ఆమోదిస్తారు, ఒక్క మాట మారదు. వంతెన దగ్గర వాయిదా వెయ్యవచ్చునని ఇంజినీరుగారి నోటు ఉంది. వాయిదా అని రాసేశాను. ఆ రోజు అమ్మని కళ్ళ డాక్టరుకి చూపించాలి. తొమ్మిదో అంశం కాగానే, నకళ్ళు బాబాయ్ చేతికిచ్చి వెళ్ళిపోయాను. నేను లేనని ఎవరూ గమనించను కూడా లేదు." ఆవిడ కౌన్సిలర్‌కేసి చూసింది. "మీరు లేచి అడిగారని నాకిప్పుడే తెలిసింది. ఒట్టు."

"నేను విన్నానమ్మా," అన్నాడు అటెండరు. "ఈ హాల్లో మొదట్నుంచి చివరిదాకా వినేవాణ్ణి నేనొక్కణ్ణే, వేరే పని లేదు గనక. నకలు అప్పటికే, కుక్కల గొడవ మధ్యలో ఒక్క పరుగున కిందికెళ్ళి, ఇంజినీరుగారికి ఇచ్చొచ్చాను. వారంలో బాగు చెయ్యాలన్నారే, కాగితంలో వాయిదా అని ఉందే అనుకున్నాను. పెద్దవాళ్ళు చూసుకుంటారులే, అటెండరుగాణ్ణి నాకెందుకని ఊరుకున్నాను. ఆ కుట్టుపనావిడ పడిందని తెలిసిన రోజునుంచి నాకు అన్నం సహించడం లేదు."

అసిస్టెంటు చేతిలో పెన్ను ఆగింది. "కుట్టుపనావిడా?"

"కాలువ గట్టు మీద మిషను పెట్టుకుని ఉంటుందే, ఆవిడే. కుడిచెయ్యి విరిగింది."

మూడు కొట్టింది. మిగతా కౌన్సిలర్లు కబుర్లు చెప్పుకుంటూ వచ్చి కూర్చున్నారు. మేయర్ ప్రసంగం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని బెల్లు కొట్టాడు. "మొదటి అంశం, గత సమావేశపు మినిట్స్," అన్నాడు, ఎన్నడూ లేనంత నెమ్మదిగా. అలవాటు చొప్పున ఇద్దరు ముగ్గురు "ఆమోదం" అనేశారు.

"ఆమోదం కాదండీ," అంది మినిట్స్ ఆవిడ. పంతొమ్మిదేళ్ళలో సమావేశం జరుగుతుండగా ఆవిడ గొంతు వినపడటం అదే మొదలు. "పద్నాలుగో అంశం తప్పు రాశాను. నేను హాల్లో లేను."

కమిషనర్ కాగితం ముందుకు జరిపాడు. వార్డు కౌన్సిలర్ దాని మీద చెయ్యి అడ్డంపెట్టాడు. "ఆవిణ్ణి సస్పెండ్ చెయ్యండి, కాదనను. మరి నా సంగతేమిటి? నేనన్న మాట నేనే నమ్మలేకపోయాను. ఆమోదం అన్న వీళ్ళందరి సంగతేమిటి?"

చివరికి కమిషనర్, "విచారణ ఉంటుంది. అది ఆవిడొక్కదాని మీదే కాదు," అని కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఉద్యోగం ఉందో లేదో ఆ పూటకి తేలలేదు. "ఇప్పుడేం చెయ్యమంటారు?" అందావిడ. "కూర్చుని రాయండి," అన్నాడు మేయర్. "జరుగుతుండగా రాయండి. మేం ఏమన్నామో అదే రాయండి." ఆవిడ కూర్చుంది. మొదటి పంక్తి వంకరగా వచ్చింది.

బయటికొచ్చాక అసిస్టెంటు నోటుబుక్కు మూసి జేబులో దూర్చేశాడు. మామూలుగా అయితే ఈపాటికి మేడమ్‌ని ఆకాశానికెత్తేసేవాడు.

"రెండు నెలలుగా దాటుతున్నాను మేడమ్, ఆ పలకని," అన్నాడు వీధి మలుపులో. "ఎవరికైనా చెబితే పోయేది. చెప్పలేదు."

మేడమ్ అతన్ని ఓదార్చలేదు. "ఆ కుట్టుపనావిడ ఇల్లు తెలుసుగా," అంది అంతే.

సాయంత్రం అతను చుట్టూ తిరిగి కాలువ గట్టుకి వెళ్ళాడు. టైలరమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. అతను దారంతా కూడబలుక్కున్నది ఒక్క గుక్కలో చెప్పేశాడు. పలక ఊగుతోందని తనకి తెలుసు, అయినా ఎవరి చెవినా వెయ్యలేదు.

ఆవిడ విని, లోపలికి వెళ్ళి ఎడమచేత్తో ఒక పొట్లం తెచ్చింది.

"నాకూ తెలుసు నాయనా. నేనూ రోజూ చూసుకునే దాటేదాన్ని. ఆ రోజు ఆలస్యమైపోయిందని నీ చొక్కా ఇవ్వడానికే వస్తున్నాను. నలగకూడదని రెండు చేతులమీదా పెట్టుకున్నానేమో, కాళ్ళ కింద చూసుకోలేదు."

అతను పొట్లం విప్పాడు. చొక్కా రెండుసార్లు ఉతికినట్టుంది, అయినా కాలరు దగ్గర కాలువ బురద మరక పూర్తిగా పోలేదు.

"పైన ఒక్క గుండీ ఊడిపోయింది," అందావిడ, తప్పు తనదైనట్టు. "చెయ్యి బాగుపడ్డాక కుట్టిస్తాను. ఏమనుకోకు బాబూ."