ఆదివారం యమగండంలో ప్రయాణం

మంగళవారం... మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు... రాహుకాలం!

హైటెక్ సిటీ మీద ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడింది. జ్యేష్ఠమాసపు తొలి మేఘాలు అద్దాల మేడల నెత్తిన భీకరంగా ఉరుముతున్నాయి. రాత్రి తప్ప కంటికి కనపడని గుడ్లగూబ ఒకటి పట్టపగలు వచ్చి తొమ్మిదో అంతస్తు కిటికీ అంచున వాలింది... రెప్ప వేయకుండా లోపలికి చూస్తోంది! కానీ ఆ అంతస్తులో దాన్ని పట్టించుకునే తీరిక ఎవరికుంది? సగంమంది మీటింగుల్లో ఉన్నారు, మిగతా సగంమంది టీ మెషిన్ దగ్గర వరసలో ఉన్నారు.

నవనీత ఒక్కతే దాన్ని చూసింది. చూసి, మళ్ళీ ఎదురుగా టేబుల్ మీద పరిచిన పటం వైపు తిరిగింది. అది పాపికొండల జాతీయ ఉద్యానవనం పటం. ఆర్నెల్ల ప్రాజెక్టు ముగిసిన సంబరంలో తనూ, పక్క సీటు కృష్ణప్రియా కలిసి రెండు రోజులు కారులో ఆ కొండలు చుట్టి రావాలని అనుకున్నారు. కృష్ణప్రియది తణుకు. కొండాపూర్ హాస్టల్లో ఉంటుంది. నాలుగేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే మాట, ఒకటే టిఫిన్ డబ్బా. అడవి ప్రయాణాలు ప్లాన్ చేసిపెట్టే మనిషి ఉన్నాడని ఎవరో చెబితే ఎదురుగా కూర్చున్న ఈ శివశంకర్‌ని పిలిపించింది కూడా కృష్ణప్రియే.

శివశంకర్‌కి యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, వెన్నపూస లాంటి మాట. ఆ చొక్కా వెనక పన్నెండేళ్ళ శ్మశానసాధన ఉందనీ, ఒక్క స్త్రీ ప్రాణాన్ని బలిగా సమర్పిస్తే బేతాళుడు అతనికి శాశ్వతంగా బానిస అవుతాడనీ ఆ క్షణాన ఎవరు చెప్పినా నవనీత నమ్మేది కాదు. కానీ ఆమె చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. వంకలు పెట్టినందుకే కంపెనీ ఆమెకు జీతమిస్తుంది. అందుకని ప్లాన్‌కి కూడా వంకలు పెట్టింది.

భద్రాచలం మీదుగా చక్కటి రోడ్డు ఉంటే అశ్వారావుపేట మీదుగా చుట్టు ఎందుకు? నాలుగు మజిలీల్లో ఒక్కచోట కూడా హోటల్ లేదేం? గుడి చుట్టూ తిరిగేవాళ్ళు దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుంటారు, ఈ దారి పొడుగునా కొండ ఎడమచేతి వైపే ఉందేం? ఊరి ట్రాఫిక్ తప్పించుకోవడానికి జనమంతా తెల్లవారకముందే బయల్దేరుతుంటే ఆదివారం సరిగ్గా పన్నెండు గంటలకు బయల్దేరడమేమిటి? శివశంకర్ అన్నిటికీ నవ్వాడు. అనుమతి ఆ రోజుకే ఉందనీ, ఆ గడియ దాటితే పనికిరాదనీ చెప్పాడు.

ఆదివారం తను రాలేనంది నవనీత. ఆ రోజు తమ ఊరు గోపన్‌పల్లిలో బొడ్రాయి పండుగ. ఊరి నడిబొడ్డున పాతిన ఆ రాయే ఊరికి ప్రాణం. పండుగనాడు ఆడబిడ్డలందరూ ఊళ్ళోనే ఉండాలి. వారం వాయిదా వేద్దామని ఆమె అంటుండగానే శివశంకర్ ఒక కాగితం కృష్ణప్రియ ముందుకు జరిపాడు. పేరు, గోత్రం, జన్మనక్షత్రం, తల్లిపేరు... అడుగున చీమల బారులా సన్నటి అక్షరాలు.

అవి కృష్ణప్రియ చదవలేదు. చదవదు కూడా! రోజుకు పది చోట్ల షరతులన్నీ ఒప్పుకుంటున్నానని నొక్కి ముందుకు పోవడం అలవాటైన వేళ్ళవి. నవ్వుతూ నింపేసింది. ఎర్రసిరాలో బొటనవేలు ముంచి ముద్ర వేసేసింది... ఫెళ్ళున పిడుగు పడింది! గుడ్లగూబ ఒక్క అరుపు అరిచి ఎగిరిపోయింది. నవనీత కాగితం లాక్కుని చివరి వరస చదివింది. "నన్ను నేను నా ఇష్టపూర్వకంగా ఈ కొండకు అప్పగించుకుంటున్నాను" అని ఉంది అక్కడ. ఆమె తల ఎత్తేసరికి శివశంకర్ కాగితం తీసుకుని లేచి నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత కృష్ణప్రియ కృష్ణప్రియలా లేదు. బుధవారం ఆఫీసుకు రాలేదు. గురువారం నవనీత దవాఖానకు తీసుకుపోతే ఒళ్ళు అలిసిందన్నారు. శనివారం సాయంత్రం హాస్టల్ గది తలుపు తెరిచిన నవనీత అక్కడే కొయ్యబారిపోయింది...

జుట్టు విరబోసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది కృష్ణప్రియ. వేలిగోటితో గోడ మీద అదే దారి గీస్తోంది. మళ్ళీ మళ్ళీ అదే దారి... ఎడమ నుంచి చుట్టూ... గోరు ఊడి రక్తం కారుతున్నా ఆగడం లేదు! నవనీత పేరు పెట్టి పిలిచింది. మెడ ఒక్కటే వెనక్కి తిరిగింది. కళ్ళల్లో నల్లగుడ్డు లేదు. నోట్లోంచి వచ్చింది పాతాళంలోంచి లేచిన మగగొంతు!

"ఆ పేరు దానిది కాదు. నాకు రాసిచ్చింది."

నవనీతకు భయం వేసింది. ఆ భయం వెనకే ఒళ్ళంతా మండేంత కోపం కూడా వచ్చింది. తన స్నేహితురాలి పేరు ఎవడో ఒకడు కాగితం మీద రాయించుకుని తనదంటాడా?

రాత్రికి కృష్ణప్రియను చూసుకోమని హాస్టల్ వాళ్ళకు చెప్పి ఇంటికొస్తే, ఆదివారం పొద్దున అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. తెల్లవారుతుండగా కారొచ్చి కృష్ణప్రియను తీసుకుపోయిందట. నవనీత దగ్గర ఉన్నది శివశంకర్ ఇచ్చిన కార్డు ఒక్కటే. అందులో ఏదో ఇంగ్లీషు పేరున్న గేటెడ్ అపార్టుమెంట్ల చిరునామా ఉంది. ఇంటి డాబా ఎక్కి చూస్తే ఊరి పడమటి కొసన ఆ టవర్ కనపడుతూనే ఉంది. నాయనమ్మ బాలమ్మకూ, పసుపు కలుపుతూ కూర్చున్న బైండ్ల ఐలయ్యకూ జరిగిందంతా చెప్పింది. ఊరి అమ్మవారి కొలువు చేసే వంశం ఐలయ్యది.

బాలమ్మ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని టవర్ వైపు చూసింది.

"గదా? గది నేను నాట్లేసిన మడి గదనే. మన పొలిమేరకు లోపల్నే ఉంది."

ఐలయ్య చేతిలో పసుపు ఆగిపోయింది. మజిలీలు, దారి, బయల్దేరే గడియ అన్నీ ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఆదివారం పన్నెండు అంటే యమగండం, సరిగ్గా ఆ గడియకు పొలిమేర దాటేలా వాడు కాస్త ముందే ఇల్లు కదులుతాడన్నాడు. ఆ పిల్ల ఊరు దాటి నాలుగో మజిలీ చేరిందంటే ప్రాణం పోయినట్టే, ఇక ఎవరి వల్లా కాదన్నాడు.

"పన్నెండింటికి పొలి అన్నం చల్లి పొలిమేర కట్టేస్తం బిడ్డా. గంతే. రేపు పొద్దు పొడిచేదాక మనిషైనా, గొడ్డైనా, గాలైనా ఊరు దాటదు. పొలిమేర మీదున్న అమ్మ దాటనీయది. నువ్వు జేసేది ఒక్కటే. పన్నెండు దాక ఆ పిల్లను గడప దాటనీయకు."

అప్పటికి టైము పదకొండుంపావు.

ఇరవై రెండో అంతస్తు. తలుపు కొట్టకముందే తెరుచుకుంది. పట్టపగలు లోపల కారుచీకటి! నల్లటి తెరల మధ్య, దక్షిణదిక్కుగా పరిచిన పటం మీద నరకపాలం... దాని నేత్రకుహరాల్లో రెండు దీపాలు... నాలుగు మజిలీల మీద నాలుగు రక్తబిందువులు! ఎముకల మాల వేసుకున్న శివశంకర్ పక్కన నల్లచీరలో కృష్ణప్రియ రాతిబొమ్మలా కూర్చుని ఉంది. ఆమె ఊపిరితో పాటే ఆ కపాలం దవడ కదులుతోంది...

నవనీత గొంతు సవరించుకుంది. తనూ వస్తానంది, కాకపోతే ప్లాన్ మీద ఇంకా కొన్ని డౌట్లున్నాయంది.

శివశంకర్ కళ్ళు మెరిశాయి. ఒకటికి రెండు బలులు! ఆశ మనిషిని ఆడించినట్టు దెయ్యం కూడా ఆడించదు. కాగితం, కలం తెచ్చి ముందు పెట్టాడు. అయితే ఆ తంత్రానికి ఒక నియమం ఉంది. బలి తన ఇష్టంతో రావాలి. బెదిరిస్తే, లాగితే మంత్రం చెడుతుంది. ఆ సంగతి నవనీత మంగళవారం చదివిన చివరి వరసలోనే పట్టేసింది. ఇష్టపూర్వకంగా అని రాయించుకునేవాడు విసుక్కోడానికి వీల్లేదు!

ఇక మొదలుపెట్టింది. ఖమ్మం దాటాక టీ ఎక్కడ? ఘాట్‌రోడ్డులో సిగ్నల్ ఉంటుందా? పంక్చరైతే స్టెప్నీ ఉందా, గాలి చూశారా? ఆడవాళ్ళకు బాత్రూములు ఎక్కడున్నాయి? వాన పడి చెట్టు కూలితే వేరే దారి ఏది? పేరు రాసి ఆగింది. నక్షత్రం దగ్గర ఆగి వాంతులకు మాత్రలు పెట్టుకోవాలా అని అడిగింది. ఒక్కో అక్షరం రాస్తుంటే వేళ్ళలోంచి చలి భుజం దాకా పాకుతోంది... తన పేరు తనకే పరాయిదైపోతున్నట్టుంది... అయినా అడుగుతూనే ఉంది. శివశంకర్ పళ్ళు బిగబట్టి చిరునవ్వుతో జవాబులు చెప్పాడు. పన్నెండేళ్ళ శ్మశానసాధనలో అతనికి ఇంత పరీక్ష ఎదురై ఉండదు.

పదకొండూ యాభై ఆరు. ఇక బొటనవేలి ముద్ర ఒక్కటే మిగిలింది. దూరంగా డప్పుల మోత వినపడింది. నవనీత కలం కింద పెట్టి, కాగితం నిలువునా చింపేసింది.

శివశంకర్ ముఖంలో మనిషి మాయమయ్యాడు! కపాలాన్ని చంకన పెట్టుకుని, కృష్ణప్రియకు సైగ చేసి తలుపు వైపు దూకాడు. అతనికంటే ముందే నవనీత తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"జరుగు. లేదంటే ఇక్కడే రక్తం కక్కుకుని చస్తావ్."

"కక్కుత. జరుగ. ఇది మా నాయనమ్మ నాట్లేసిన మడి. ఎవడొచ్చి ఎన్ని అంతస్తులు కట్టినా కింద ఉన్నది మా ఊరే. నా దోస్తును ఈ ఊరు దాటి తీస్కపోనీయ."

మారణమంత్రం పిడుగుల్లా రాలింది. నవనీత ముక్కులోంచి బొటబొట రక్తం కారింది... చెవుల్లో హోరు... కళ్ళ ముందు నల్లటి వలయాలు... పాదాలు నేలలోకి పాతినట్టు నిలబడింది. ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు అనిపించిందామెకు. కృష్ణప్రియ రెండు చేతులూ వచ్చి గొంతు నొక్కాయి. ఆ చేతుల మీదే తన చేతులు వేసి, పోవద్దే, పోవద్దే అని గొణిగింది.

డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

పన్నెండు!

కింద గేటు దగ్గర ఐలయ్య పొలికేక మేడలన్నీ దాటి పైకి వచ్చింది... ఆ తర్వాత నిశ్శబ్దం. మరుక్షణం గదిలో పచ్చిపసుపు వాసన, వేపాకు వాసన గుప్పుమన్నాయి. ఎక్కడో గజ్జెలు ఘల్లుమన్నాయి!

కృష్ణప్రియ నోట్లోని మగగొంతు ఊళ పెట్టింది. ఆమె శరీరం విల్లులా వంగింది... నోట్లోంచి నల్లటి పొగ సుడులు తిరుగుతూ వెలువడి కిటికీ వైపు దూసుకుపోయింది. తగిలి వెనక్కి పడింది. గోడకు కొట్టుకుంది, కప్పుకు కొట్టుకుంది... నాలుగు దిక్కులా పొలిమేర కట్టుబడి ఉంది! దారిలేని బేతాళుడు మెల్లగా శివశంకర్ వైపు తిరిగాడు.

"పిలిచావు. దారి మూశావు. నా ఆహారమేది?"

శివశంకర్ వణుకుతూ తన చుట్టూ గీత గీసి దిగ్బంధనమంత్రం అందుకున్నాడు. నిలబడిన చోటు పేరు అందులో చెప్పి తీరాలి. అతను చెప్పింది బిల్డర్ బోర్డు మీద రాయించిన పేరు! ఆ నేల ఏ కాలంలోనూ ఎరగని పేరు! చుట్టూ గీసిన గీత చెమ్మ తగిలిన ముగ్గులా చెదిరిపోయింది. నల్లటి పొగ అతన్ని కాళ్ళ నుంచి చుట్టుకుంటూ పైకి పాకింది... ఆ ఆర్తనాదం టవర్ మొత్తం వినపడింది. కపాలం ఫట్‌మని రెండు ముక్కలైంది. కుంకుమ రంగు వెలుగొకటి కళ్ళు మిరుమిట్లు గొలిపి గదంతా నిండింది. ఆ వెలుగులో మాంత్రికుడితో పాటు బేతాళుడు కూడా దగ్ధమైపోయాడు! నేల మీద గుప్పెడు బూడిద మిగిలింది.

నల్లతెరలు జారిపడ్డాయి. ఎండ లోపలికి వచ్చింది. కృష్ణప్రియ నేలకు ఒరిగి ఉంది. నవనీత ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి తగలలేదు... మళ్ళీ చూసింది... వెచ్చగా తగిలింది. అప్పుడు ఏడ్చింది నవనీత, చిన్నపిల్లలా, సిగ్గులేకుండా.

గంట తర్వాత ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊళ్ళోకి నడిచి వచ్చారు. కృష్ణప్రియకు మంగళవారం తర్వాత ఏమీ గుర్తులేదు. దారిలో అంతా విన్నది. బాలమ్మ అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిస్తే తాగి, హాస్టల్‌కి వెళ్ళిపోతానంది, పరాయి ఊరి పండుగలో తనవల్ల ఇబ్బంది ఎందుకంది. బాలమ్మ వినలేదు. రేపు పొద్దు పొడిచేదాకా ఎవరూ కదలడానికి లేదంది.

"నేను ఈ ఊరిదాన్ని కాదు కదండీ అమ్మమ్మగారూ" అంది కృష్ణప్రియ.

బాలమ్మ పసుపు ముద్ద తీసుకుని ఆమె పాదాల ముందు కూర్చుంది. గోరు ఊడిన వేలికి ముందు పసుపు అద్ది, తర్వాత పాదాలకు రాయడం మొదలుపెట్టింది.

"పొలిమేర కట్టినప్పుడు లోపలున్నవ్. ఇగ నువ్వు ఈ ఊరి ఆడిబిడ్డవే. కాలు ఇటు పెట్టు."