ఆరుసార్లు ఓడిన తాత

పొద్దున్నే ఇశ్రాయేలు తన టీ తానే పెట్టుకున్నాడు. భార్య నీలమ్మ పోయిన మూడేళ్లలో కోడలి టీ ఆయనకు ఒక్కరోజూ నచ్చలేదు.

గడపలో మనవరాలు స్వీటీ ఫోన్ పట్టుకొని ఏడుస్తోంది. మలక్‌పేటలో ఉచిత చదరంగం శిక్షణకు ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు. ఇరవై పజిళ్లూ విప్పితేనే సీటు. పందొమ్మిది సరిగ్గా వచ్చాయి. చివరిది తప్పన్నది ఫోన్.

"తప్పు కాదు డాడీ. వాళ్లేమో మంత్రిని బలియ్యమంటున్నరు. నేను ఏనుగును జరిపిన. గట్ల గూడ గెలుస్తం."

"లొల్లి ఎందుకు బిడ్డా? వచ్చే ఏడు మళ్ల రాద్దువు," అన్నాడు కృపాకర్, బండి తాళం వెతుక్కుంటూ.

"వచ్చే ఏడు నాకు పదమూడు. తీస్కోరు."

ఇశ్రాయేలు గ్లాసు కింద పెట్టాడు. "మిషిన్ అబద్ధమాడదు. ఓడినోళ్లే సాకులు చెప్తరు. మీ అయ్య గూడ గింతే."

"నడుమ నన్నెందుకు గుంజుతవు బాపూ?"

స్వీటీ కళ్లు తుడుచుకొని బోర్డు తెచ్చి తాత ముందు పెట్టింది. ఫోన్‌లో ఉన్నట్టే పావులు పేర్చింది.

"నల్లవి నీవి తాతా. నా ఏనుగును ఆపు సూద్దాం."

ఆ పిల్లకు ఆట నేర్పింది ఆయనే. జాలిపడి ఎన్నడూ ఓడిపోలేదు. ఇప్పుడూ జాలి లేకుండానే ఆడాడు. రాజును మూలకు తోశాడు, ఓడాడు. గుర్రాన్ని అడ్డం తెచ్చాడు, ఓడాడు. కృపాకర్ ఆఫీసుకు ఆలస్యమని ఫోన్ చేసి పక్కనే కూర్చున్నాడు.

ఆరోసారి ఇశ్రాయేలు బోర్డు మీదికి వంగి చూశాడు. మంత్రిని బలిచ్చే ఎత్తులో ఆర్భాటం ఉంది. ఇందులో లేదు. ఏనుగు ఒక్క గడి జరిగి ఊరికే నిలబడింది. రాజుకు దారులన్నీ మూసుకుపోయాయి. ముప్పై ఏళ్లు బస్సు డిపోలో కొలువు చేస్తూ ఆడినా ఇంత శుభ్రమైన ఎత్తు ఆయన చూడలేదు.

చిన్నప్పుడు ఊరి బడిలో, లెక్క తాను చెప్పిన పద్ధతిలో చేయలేదని పంతులు ఆయన వేళ్ల మీద కొట్టాడు. జవాబు సరైనదే. ఆ పంతులును ఇశ్రాయేలు ఈనాటికీ క్షమించలేదు. కానీ పెళ్లాం మీద, కొడుకు మీద అదే బెత్తం ఆడించాడు.

రాజును పక్కకు పడుకోబెట్టాడు.

"తప్పు మిషిన్‌దే. వాళ్లకు రాయి."

కృపాకర్ తలెత్తి చూశాడు. తండ్రి నోట ఎదుటివాళ్లది ఒప్పన్న మాట వినడం అతనికి ఇదే మొదలు.

"ఏమని రాయాలె తాతా?"

"ఆరుసార్లు మా తాతను గెలిచిన అని రాయి." ఆయన పావులు ఏరసాగాడు. "ఆయన ఎసొంటోడో మా డాడీని అడుగుండ్రి అని, కింద మీ అయ్య నంబర్ పెట్టు."