ఎడమ దిక్కు సీటు

ఆదివారం బియ్యం మిల్లుకు సెలవైనా సాల్మన్ తెల్లవారగానే లారీ తుడవడం మానలేదు. అద్దాలు, నంబరు పలక అయ్యాక ఎడమ తలుపు దగ్గర కొంచెంసేపు ఎక్కువగా నిలబడటం అతని అలవాటు. ఆ తలుపు మీద అరచేయంత మేర రంగు పోయి రేకు తేలింది. కుడికన్ను చూపు తగ్గి, స్టీరింగును కూతురు మెర్సీకి అప్పగించిన నాటినుంచి అతడు క్లీనరుగా ఆ పక్కనే కూర్చుంటున్నాడు. ఆమె బండి వెనక్కి తీసేటప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి, తలుపు మీద అరచేత్తో ఒక దెబ్బ వేస్తే ఆగాలి. రెండు వేస్తే పోనీయాలి. హుజూర్‌నగర్ మిల్లుల్లో ఎంత ఇరుకు సందులోనైనా ఆ తండ్రీకూతుళ్ల బండి గోడకు గీత పడకుండా ఆగుతుందని హమాలీలు మెచ్చుకునేవారు.

ఆ నేర్పే ఇప్పుడు మెర్సీకి అడ్డమైంది. పోలండ్‌లో సరుకు లారీలు నడిపే ఉద్యోగానికి ఆమె దరఖాస్తు చేసుకుంది. ఇక్కడి హెవీ లైసెన్సూ, ఇన్నేళ్ల అనుభవమూ అక్కడ నేరుగా చెల్లవు. మళ్లీ పరీక్ష రాసి, బండి నడిపి చూపి, ఆ దేశపు లెక్కలో డ్రైవరు అనిపించుకోవాలి. అందుకు తగినవాళ్లను ముందే ఏరుకోవడానికి కంపెనీవాళ్లు హైదరాబాదు శివారులో ఒక మైదానంలో బండి నడిపించి చూశారు. మెర్సీ అన్నీ చక్కగా చేసింది. వెనక్కి తీయమన్నప్పుడు మాత్రం, హద్దుగా నిలబెట్టిన డ్రమ్ము అద్దంలో కనబడుతూనే ఉన్నా, పక్కనుంచి దెబ్బ వినబడలేదు గనుక ఆగలేదు. డ్రమ్ము దొర్లిపోయింది. సోమవారం ఇంకొక్కసారి చూస్తామన్నారు. అదే ఆఖరు.

"బాపూ, ఇయ్యాల నువ్వు ఇంట్లనే ఉండు," చర్చి నుంచి వచ్చి చాయ్ తాగుతూ అంది మెర్సీ. "మిల్లు జాగల నేనొక్కదాన్నే బండి ఎనక్కి తీసి చూసుకుంట."

"నేనుంటే ఏమైతది? మూతి మూసుకొని కూసుంట."

"నిన్న గట్లనే అంటివి. మూతి మూసుకున్నవు, చెయ్యి మూసుకోలే."

పొయ్యి దగ్గరున్న తల్లి బాలనర్సమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "నిద్రల గూడ మంచంపట్టె మీద కొడ్తాండు బిడ్డా, ఏం జేస్తవ్!"

అయినా సాల్మన్ వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఖాళీ మిల్లు ఆవరణలో లారీ మెల్లగా వెనక్కి సాగింది. గోదాము గోడ దగ్గరపడింది. అతడు చేతులు ఒళ్లో పెట్టుకునే ఉన్నాడు. అంతలో చెయ్యి తనంతట తానే కిటికీ దాటి తలుపు మీద పడింది.

మెర్సీ బ్రేకు తొక్కి ఇంజను ఆపేసింది. "బాపూ!"

"గోడకు తగుల్తుండె బిడ్డా."

"తగలనియ్యి! ఈడ తగిల్తే సున్నం రాల్తది. రేపు తగిల్తే నా పని ఖతం. నేను పోవుడు ఇష్టం లేకుంటే ముఖం మీద చెప్పు, గిట్ల చెయ్యితోని ఎందుకు చెప్తవు?"

"పోవద్దని నేనెప్పుడన్న అన్ననా?"

"నోటితోని అనలే."

అతనికి రోషం వచ్చింది. "నేను లేకుంటే గీ గోడ కాడనే ఆపలేకపోతివి, గా దేశంల ఎట్ల నడుపుతవు?"

ఆ మాటలో కోపంకంటే తృప్తి ఎక్కువగా ఉందని, అన్నాక అతనికే తెలిసింది. కూతురు డ్రమ్మును పడగొట్టి వచ్చిన రోజు తన గుండెలో మెదిలినది దుఃఖమొక్కటే కాదనీ, నేనింకా కావాలి అన్న చిన్న సంతోషం కూడా దాని వెనక నక్కి ఉందనీ ఇప్పుడు అర్థమైంది. తన ఎడమ కన్నును ఆమెకు అప్పుగా ఇచ్చానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. నిజానికి ఆమె కళ్లనే తాను మూసి ఉంచాడు. సిగ్గుతో తల దించుకున్నాడు.

కేకలు విని బాలనర్సమ్మ మిల్లు పక్కనే ఉన్న ఇంట్లోంచి చాయ్ కెటిలుతో వచ్చింది. రెండు గ్లాసులు అంచుదాకా నింపి, భర్త రెండు చేతుల్లో చెరొకటి పెట్టింది.

"గివి రెండు ఎందుకే?"

"ఒకటి నీకు, ఒకటి నీ బిడ్డకు. బండి ఆగినంకనే తాగుండ్రి. చుక్క ఒలికిందో, ఇయ్యాల నీకు బువ్వ లేదు." అంతలోనే ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఆడ నా బిడ్డకు చాయ్ ఎవ్వలిస్తరో," అంటూ పక్కకు తిరిగింది.

లారీ కాస్త ముందుకు వెళ్లి మళ్లీ వెనక్కి కదిలింది. కుదుపుకు చాయ్ వేళ్ల మీదికి ఒలికి చురుక్కుమంది. సాల్మన్ గ్లాసులు వదల్లేదు. గోడ దగ్గరపడుతుంటే వాటిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. మెర్సీ తండ్రివైపు చూడలేదు. ఈ అద్దంలోకి, ఆ అద్దంలోకి, మళ్లీ ఈ అద్దంలోకి చూసింది. బండి ఆగింది.

"జానెడు జాగ ఉన్నదే తల్లీ!" వెనకనుంచి బాలనర్సమ్మ అరిచింది.

సాల్మన్ సగమైన గ్లాసు కూతురికి అందించాడు. ఆమె అతని ఎర్రబడ్డ వేళ్లను చూసి గ్లాసుతోపాటు ఆ చేతినీ పట్టుకుంది.

"బాపూ, నీకొకటి చెప్పలే. ఆడి బండ్లల్ల స్టీరింగు ఎడమ దిక్కుంటదంట. నేను కూసునేది నీ జాగలనే."

అతని మంచి కన్ను, మందగించిన కన్ను, రెండూ ఒక్కసారే నిండాయి. తన గ్లాసును డ్యాష్‌బోర్డు మీద పెట్టి కిటికీలోంచి చెయ్యి చాపాడు. రంగు పోయిన ఆ చోటనే, మెల్లగా, రెండు దెబ్బలు వేశాడు.

మెర్సీ కళ్లు తుడుచుకుని గేరు వేసింది.