తెల్లారేసరికి సున్నా

చీఫ్ బల్లమీద ఒక చీటీ పడేశాడు. దానిమీద ఏడు తేదీలు. ప్రతి తేదీ ఎదుటా ఒకటే అంకె. సున్నా.

“స్విమ్మింగ్ పూల్ రీడింగులు. సాయంత్రం క్లోరిన్ పోస్తారు, తెల్లారేసరికి ఉండదు. ఎటు పోతోందో కనుక్కో.”

“నేనేమన్నా పూల్ మెకానిక్‌నా సార్?”

“ఇవాళ్టి నుంచి అదే నీ కవర్.”

ఆ పూల్ ప్రొఫెసర్ ఇంట్లోది. విదేశీ ముఠా సంకేతాలను ఛేదించగలిగినవాడు ఆయనొక్కడే. ఇంకా మూడు పేజీలు మిగిలాయి. అవి పూర్తయితే ముఠాలో ప్రతివాడి చిరునామా దొరుకుతుంది. గేటు దగ్గర ఆరుగురు గార్డులున్నారు కాబట్టి ఆయన్ని చంపడానికి ముఠా తుపాకీ లోపలికి రాదు. కానీ ఆయన రోజూ పొద్దున ఆరింటికి ఈదుతాడు.

“లోపల మన మనిషి ఉంది. ఆయన మేనకోడలే. ట్రైనింగ్ మనమే ఇచ్చాం. ‘నీళ్ళెలా ఉన్నాయి?’ అంటుంది. ‘తేటపడాలి’ అని చెప్పు.”

ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో ‘ముక్కు’ అంటారు. భార్య పోయాక శుభ్రం పిచ్చి పట్టి ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. ఏరి ఏరి అతణ్ణే పంపారు.

సాయంత్రానికి ఖాకీ చొక్కా, పొడుగు కర్రకు కట్టిన వల, చిన్న టెస్ట్ కిట్‌తో పూల్ దగ్గర వంగున్నాడు. ఫిల్టర్ బుట్ట తీశాడు. జుట్టు ఉండలు, ఊడిన బ్యాండేజీ, ఒంటికి రాసుకున్న క్రీముల జిడ్డు. ముక్కు మూసుకుని చెత్తలో దులిపాడు. చదువుకున్నవాళ్ళు ఇందులో పుక్కిలిస్తారు!

“నీళ్ళెలా ఉన్నాయి?”

మేనకోడలు. నల్ల కళ్ళజోడు, తెల్ల గౌను, మెళ్ళో కెమెరా. అందం కళ్ళు తిప్పుకోనివ్వదు.

“తేటపడాలి.”

“ఇంత చిన్నదానికి నిన్ను పంపారా? ఎండకి పోతోందేమో.”

“ఎండకైతే పగలు పోవాలండీ. ఇది రాత్రి పోతోంది.” మేడమీదికి చూశాడు. “ఆ ఎర్ర బల్బేంటి?”

“నా డార్క్‌రూమ్. ఫిల్మ్ నేనే కడుక్కుంటా. పిచ్చిలే!”

అతడు గోడలకు పాచి లేకుండా రుద్దాడు. క్లోరిన్ పోసి కలిపాడు. రీడింగ్ మూడు. అవే నీళ్ళు ఒక బకెట్ నింపి, మూతపెట్టి, పంపు గదిలో తన మంచం పక్కనే పెట్టుకున్నాడు.

పొద్దున ఆరుకు పది నిమిషాలు తక్కువ. పూల్‌లో సున్నా. బకెట్‌లో మూడు.

అవే నీళ్ళు, అదే రాత్రి. అంటే నీళ్ళలో దోషం లేదు. రాత్రి ఎవరో పూల్‌లో ఏదో కలిపారు. గ్లాసుడు పూల్ నీళ్ళలో చుక్క క్లోరిన్ వేసి, టెస్ట్ మందు కలిపాడు. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి. రాలేదు. పాచి క్లోరిన్‌ని తినాలంటే గంటలు పడుతుంది. ఇలా రెప్పపాటులో మింగేసేది హైపో. ఫిల్మ్ కడిగేవాళ్ళు వాడే ఉప్పు.

మేడమీద ఎర్ర బల్బు గుర్తొచ్చింది. బయటికి పరిగెత్తాడు.

ప్రొఫెసర్ అప్పటికే మెట్టు మీదున్నాడు. వెనక తువ్వాలు పట్టుకుని మేనకోడలు.

“అమ్మగారు దిగట్లేదా?” అరిచాడు ముక్కు.

“రోజూ నాతోనే ఈదేది. ఇవాళ జలుబట పాపం,” అంటూ ఆయన కాలు చాచాడు.

బొటనవేలికీ నీళ్ళకీ మధ్య జానెడు. వల ఆయన తలమీద పడింది. ఒక్క లాగుడుకి వెల్లకిలా గచ్చు మీద పడ్డాడు.

“నీకు మతి పోయిందా!” మేనకోడలు అరిచింది. “మావయ్యని వదులు!”

“వదుల్తా. ముందు మీరు దిగండి.”

“నాకు జలుబు.”

“మోకాలిదాకా చాలు. పోనీ ఒక్క వేలు ముంచండి.”

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు చాలు. పరిగెత్తుకొచ్చిన గార్డులు ఆమె తువ్వాలు దులిపితే రబ్బరు మూత గాజు గొట్టం పడింది. ఖాళీది.

“క్లోరిన్ ఉంటే ఇందులోని క్రిములు బతకవు,” అన్నాడు ముక్కు. “అందుకే ముందు క్లోరిన్‌ని చంపింది. వారం రోజులు రిహార్సల్. ఇవాళ మీ వంతు.”

ఎత్తి పెంచిన మేనమామని ముఠాకి అమ్మేసింది. ఆమె మొహంలో సిగ్గు మచ్చుకైనా లేదు. అతడికి ఫిల్టర్ బుట్టే నయమనిపించింది.

ప్రొఫెసర్ వీపు రుద్దుకుంటూ లేచి కూర్చున్నాడు. పెద్దగా ఊపిరి వదిలాడు.

“అమ్మయ్య! అయితే నా వల్ల కాదన్నమాట.”

“ఏంటి సార్?”

“క్లోరిన్ పోవడం. ఈ వయసులో చల్లటి నీళ్ళు తగిలితే ఆగదు నాయనా. రోజూ అందులోనే...”

బేడీలు పడ్డప్పుడు చెక్కుచెదరని మేనకోడలు డోకు ఆపుకోలేక వంగిపోయింది. వారం రోజులు ఆయన వెనకే ఈదింది మరి.

ముక్కు ఆమె ముందుకు తన బకెట్ జరిపాడు.