అక్రమ్ కొండ, ఆస్మా పట్టాలు

“ఒరే బెన్నీ, ఆ ఫెవికాల్ డబ్బా ఇటు తోయరా,” అన్నాడు అక్రమ్, బల్ల కింద నుంచి కనిపిస్తున్న రెండు పాదాలకేసి చూసి.

పాదాలు కదల్లేదు.

“చెవుడా? నా చేతులు ఖాళీ లేవురా. కాలితోనైనా తన్ను.”

ఒక స్పోర్ట్స్ షూ కదిలింది. డబ్బా దొర్లుకుంటూ వచ్చి అక్రమ్ మోకాలికి తగిలి, మూత ఊడి, కొత్త జీన్స్ మీద తెల్లగా ఒలికింది. ఆ వెనకే బల్ల కింద నుంచి ఒక అమ్మాయి బయటికొచ్చింది. జుట్టు నిండా సాలెగూడు, చేతిలో టెస్టర్.

“తన్నమన్నారుగా, తన్నా,” అంది. “ఇంతకీ ఇక్కడ కొండలు కట్టేది మీరేనా?”

“నేనే. మీరెవరండీ?”

“ఈ రైళ్ళు ఎందుకు ఆగిపోతున్నాయో చూడమంటే వచ్చా. చూసా. మీ వల్లే.”

అక్రమ్ తుడుచుకోడానికి గుడ్డ వెతుక్కున్నాడు. అది దొరికేసరికి ప్యాంటు మీద ఫెవికాల్ చక్కగా ఆరిపోయింది.

జగ్గయ్యపేటలో ఒక ఎరువుల కొట్టు మేడ మీద ఉంది ఆ గది. బొమ్మ రైళ్ళ క్లబ్బు. స్టేషన్ మాస్టరుగా రిటైరైన ఉమాకాంతం గారు పెట్టారు దాన్ని. సిమెంటు మోసుకెళ్ళే గూడ్సే తప్ప పేటకి మనుషులెక్కే రైలు లేదని ఆయనకి ఎప్పటినుంచో దిగులు. రిటైరయ్యాక తనే ఒక లైను వేసుకున్నారు, ప్లైవుడ్ బల్లల మీద. అరచేతంత స్టేషను, జానెడు బోగీలు, వేలెడంత సిగ్నళ్ళు. రైలు నడపడం బెన్ని పని. బస్టాండ్ దగ్గర ఫ్లెక్సుల షాపున్న అక్రమ్‌ది చెట్లూ, పొలాలూ, కొండలూ. నందిగామ కరెంటు సబ్ స్టేషన్‌లో ఏఈగా చేస్తున్న ఆస్మాని వైరింగ్ చూడమని మాస్టారే బతిమాలి రప్పించారు.

బతిమాలి మరీ తెచ్చుకున్న తలనొప్పి అని అక్రమ్ అభిప్రాయం.

బొమ్మ రైలంటే బటన్ నొక్కితే పరిగెత్తేది కాదు. ప్రతి ఆదివారం సగం పూట తుడవడానికే సరిపోతుంది. కింద కొట్లోంచి ఎరువుల దుమ్ము, వీధిలోంచి మిరపకాయల ఘాటు, పైకప్పు నుంచి బల్లులు. పట్టాల మీద పిసరంత మట్టి ఉన్నా చక్రాలకి కరెంటందదు, ఇంజిన్ మొరాయిస్తుంది. ఆస్మా మెత్తటి గుడ్డని స్పిరిట్‌లో ముంచి, పట్టాలన్నీ అద్దంలా తుడిచేది. తుడిచి వెనక్కి తిరిగేసరికి అక్రమ్ వాటి పక్కనే రంపప్పొట్టుకి ఆకుపచ్చ రంగు కలిపి గడ్డి చల్లుతుండేవాడు.

“అక్రమ్ గారూ! ఇప్పుడేగా తుడిచా!”

“ఎడారిలో రైలు నడుపుతారా ఏంటండీ?”

“గడ్డిలో నడపమంటారా?”

“మాస్టారూ, చూడండి ఈవిడ్ని!”

“మాస్టారూ, మీరే చెప్పండి ఈయనకి!”

ఉమాకాంతం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ బెన్ని వైపు చూసేవారు. బెన్ని పైకప్పు వైపు చూసేవాడు. అక్కడ బల్లి తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

అసలు గొడవంతా కొండ దగ్గరే. కోళ్ళ గూళ్ళకి వేసే ఇనప జాలీని వంచి, దాని మీద గుడ్డ పేలికలు పరిచి, పైన ప్లాస్టర్ పూసి, నెలల తరబడి రంగులేసి కట్టాడు అక్రమ్ ఆ కొండని. దాని కింద సొరంగం. రైలు అందులో దూరి, అవతల వైపు తేలుతుంటే అతని మొహం వెలిగిపోయేది.

“ఏ కొండండీ ఇది? వేదాద్రి వైపుదా?” అనడిగింది ఆస్మా ఒకసారి.

“ఏ కొండా కాదు. నా కొండ.”

“మీ కొండ మా రైలుని మింగేసింది. లోపలికెళ్ళింది, బయటికి రాలేదు.”

మాస్టారు కర్రకి అయస్కాంతం కట్టి, సొరంగంలోకి పోనిచ్చి, చేప పట్టినట్టు ఇంజిన్‌ని లాగారు. దాంతోపాటు ఇన్ని తెల్లటి పెళ్ళలు రాలాయి.

“వెనక వైపు ఒక తలుపు కొయ్యండి,” అంది ఆస్మా. “చెయ్యి పట్టేంత చాలు. లోపల పట్టాలు తుడవాలిగా.”

“కొండకి తలుపేంటండీ? ఎక్కడైనా చూసారా?”

“లోపల ప్లాస్టర్ రాలే కొండని ఎక్కడైనా చూసారా?”

“నా కొండ రాలదు.”

ఆస్మా తన అరచేతిలోని పెళ్ళల్ని అతని ముక్కు కింద పెట్టింది. “మరి ఇవేంటి, వడియాలా?”

బెన్ని ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుతో అక్రమ్‌కి పంతం ముదిరింది. తలుపు మాటెత్తితే క్లబ్బు మానేస్తానన్నాడు. మాస్టారు కంగారుపడి, ఆస్మాకి దణ్ణం పెట్టినంత పని చేశారు. ఆమె తలుపు సంగతి వదిలేసింది.

విచిత్రంగా ఆ తర్వాతి ఆదివారం నుంచి రైలు ఎక్కడా ఆగలేదు. సొరంగంలోకి వెళ్ళడం, బుద్ధిగా బయటికి రావడం.

“చూసారా?” అన్నాడు అక్రమ్, కొండని గర్వంగా నిమురుతూ. “తలుపు లేకుండానే నడుస్తోంది.”

ఆస్మా అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. మణికట్టు పైన ఎర్రటి గీతలు అతని కంటపడనే పడ్డాయి.

“పిల్లి గీరిందా?”

“పిల్లి కాదు. ఇంకా మొండి జంతువు.”

“జాగ్రత్తండీ, ఇంజెక్షన్ చేయించుకోండి.”

ఆస్మా నెత్తి కొట్టుకుంది. ఎందుకు కొట్టుకుందో అతనికి అర్థం కాలేదు.

అర్థం కానివి ఇంకా కొన్ని ఉన్నాయి. డ్యూటీ పడి ఆమె రాని ఆదివారం అక్రమ్‌కి ఏ రంగూ కుదిరేది కాదు. గడ్డి చల్లినా అరిచేవాళ్ళు లేక చేతులు వెలవెలబోయేవి. వాన పడి షాపులో కరెంటు పోతే, వెంటనే ఫోన్ చేసేవాడు.

“అక్రమ్ గారూ, పేట నా పరిధి కాదండీ. నాది నందిగామ. ఎన్నిసార్లు చెప్పాలి?”

“నాకు తెలిసిన కరెంటు మీరొక్కరేగా.”

వాన చప్పుడు అటూ ఒకటే, ఇటూ ఒకటే.

“పెట్టేస్తున్నా,” అనేది ఆస్మా. అన్నాక కూడా వెంటనే పెట్టేది కాదు.

శ్రావణంలో నందిగామలోని ఒక కల్యాణ మండపంలో ప్రదర్శన పెట్టారు మాస్టారు. చుట్టుపక్కల స్కూళ్ళ పిల్లల్ని పిలిచారు. వాళ్ళలో చాలామంది ఇంతవరకు రైలెక్కలేదు. కిందటేడు పేటలో పెట్టినప్పుడు రైలు కదలక, ‘ఆగిపోయే రైలు క్లబ్బు’ అని ఊరంతా నవ్వింది. ఈసారి అలా జరిగితే క్లబ్బు మూసేస్తానని మాస్టారు మెల్లగా అన్నారు. ఆ మెల్లగా అనడమే అందరికీ గుచ్చుకుంది.

బల్లల్ని అక్రమ్ తండ్రి ఇమాం ట్రాలీ ఆటోలో ఎక్కించారు. దగ్గరుండి సర్దించడానికొచ్చిన ఆస్మా ముందు సీట్లో కూర్చుంది. అక్రమ్ వెనక, టార్పాలిన్ కింద, కొండని కావలించుకుని కూర్చున్నాడు. హైవే ఎక్కగానే వాన అందుకుంది.

“తడిసిందా?” అని వెనక కిటికీలోంచి అరిచింది ఆస్మా.

“కొంచెం తడిసానండీ!”

“మిమ్మల్ని కాదు, కొండని!”

ఇమాం నవ్వాపుకోలేక గేరు తప్పుగా వేశాడు. బండి ఎగిరిపడింది. వెనక నుంచి ఒక కేక, ముందు నుంచి రెండు కేకలు. నందిగామ చేరేదాకా ఆ కిటికీ మూతపడలేదు.

మండపం పిల్లలతో కిక్కిరిసింది. మాస్టారు పాత పచ్చజెండా ఊపారు. రైలు స్టేషను దాటింది, పొలాలు దాటింది, కొండలో దూరింది. పిల్లలందరూ అవతలి వైపుకి పరిగెత్తారు. సరిగ్గా అప్పుడే బయట ఫెళ్ళున పిడుగు పడి, కరెంటు పోయింది.

ఆస్మా ఫోన్ మోగింది. విని, బ్యాగులోంచి రెయిన్‌కోటు తీసింది.

“ఎక్కడికండీ? సెలవులో ఉన్నారుగా!”

“లైను తెగి రోడ్డు మీద పడిందంట. నాకు సెలవని దానికి చెప్తారా?”

“ఈ పిడుగుల్లోనా?”

“మరి ఎండ కాసేదాకా ఆగమంటారా?” అంటూ ఆమె వానలో కలిసిపోయింది.

అక్రమ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఉరిమినప్పుడల్లా ఫోన్ తీసి, చెయ్యాలా వద్దా అనుకుని, లోపల పెట్టేశాడు. కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డ మనిషికి ఫోన్ చేస్తే ఏమవుతుందోనని భయం. పిల్లల్ని నవ్వించడానికి బెన్ని నోటితో కూతలు కూస్తున్నాడు. అక్రమ్‌కి అవేవీ వినబడలేదు.

చాలాసేపటికి లైట్లు వెలిగాయి. మండపం చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా కొట్టింది అక్రమ్.

బెన్ని కంట్రోలర్ తిప్పాడు. సొరంగంలో ఏదో గుర్రుమంది. అంతే. రైలు రాలేదు.

“అంకుల్, రైలు చచ్చిపోయిందా?” అనడిగిందొక పాప.

మాస్టారి చేతిలో జెండా వేలాడిపోయింది. కర్రా, అయస్కాంతం పేటలోనే మర్చిపోయారు. అక్రమ్ మోకాళ్ళ మీద కూర్చుని, సొరంగం నోట్లోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చాడు. లోపల తెగిన జాలీ ముళ్ళు చర్మాన్ని సర్రున గీరాయి. చెయ్యి బయటికి లాగి చూసుకున్నాడు. మణికట్టు పైన ఎర్రటి గీతలు.

ఆ గీతల్ని అతను ఇంతకుముందే చూశాడు.

“బెన్నీ...”

“ఇప్పటికైనా అర్థమైందా సామీ!” అన్నాడు బెన్ని, చిరాగ్గా. “ప్రతి ఆదివారం నువ్వు రాకముందే వచ్చి, అందులో చెయ్యి పెట్టి పట్టాలు తుడిచేది. నీకు చెప్తే చంపుతానంది.”

“ఎందుకు?”

“ఆ కొండని చూసుకుని నువ్వు నవ్వుతుంటే బాగుంటావంట. నాకైతే ఎప్పుడూ అనిపించలేదు.”

అక్రమ్ లేచాడు. ఫ్లెక్సులు కోసే కత్తి తీశాడు. కొండ వెనక్కి వెళ్ళి, తను ఎంతో ఓపిగ్గా రంగులేసిన రాళ్ళ మధ్య నుంచి కస్సున కోశాడు.

“అక్రమూ, నీ కొండరా!” అన్నారు మాస్టారు.

“రైలు మీది కదండీ మాస్టారూ.”

దారి కుదుపులకి రాలిన ప్లాస్టర్ పెళ్ళలు పట్టాల మీద కుప్పగా ఉన్నాయి. ఇంజిన్ వాటిలో కూరుకుపోయి ఉంది. అక్రమ్ వాటిని ఊడ్చి, ఆస్మా సంచిలోని గుడ్డతో ఆమె తుడిచినట్టే తుడిచి, చక్రాలు సర్ది, “పోనీరా!” అన్నాడు. రైలు కొండలోంచి బయటికి దూసుకొచ్చింది. పిల్లల కేకలకి మండపం పైకప్పు లేచిపోతుందేమో అనిపించింది. మాస్టారు జెండాతో మొహం తుడుచుకున్నారు.

పిల్లలు వెళ్ళిపోయాక ఆస్మా వచ్చింది. నిలువెల్లా తడిసి, మోకాళ్ళ దాకా బురదతో. తిన్నగా కొండ వెనక్కి వెళ్ళి, అక్కడి కంతని చూసి ఆగిపోయింది.

“కోసారా?”

“కోసా.”

“నేనెన్నిసార్లు అడిగినా కొయ్యలేదు!”

“నువ్వు చెప్పలేదే! చెయ్యంతా గీరుకుపోతుంటే ఒక్క మాట చెప్పొద్దూ? నన్ను తిట్టడానికైతే నోరు లేస్తుందిగా!”

ఆస్మా తల తిప్పి చూసింది. “నువ్వా?”

“ఏంటి?”

“నన్ను ‘నువ్వు’ అన్నారు.”

అక్రమ్ తడబడ్డాడు. “అన్నా. అండీ అండీ అంటూ పోట్లాడ్డం నా వల్ల కావట్లేదండీ.”

“మళ్ళీ అండీ!”

“అబ్బబ్బా! ఇదిగో, విను. ఆ పిడుగుల్లో నువ్వెళ్ళాక నాకు ఊపిరాడలేదు. కరెంటొస్తే పిల్లలు రైలు కోసం చప్పట్లు కొట్టారు. నువ్వు క్షేమంగా ఉన్నావని నేను కొట్టా. ఇంక ప్రతిసారీ ఆదివారం దాకా ఆగడం నావల్ల కాదు.”

“పోట్లాడ్డానికా?”

“దేనికైనా.”

ఆస్మా జుట్టు నుంచి నీళ్ళు ప్లైవుడ్ మీద పడుతున్నాయి. ఆమె ఆ కంత అంచుని వేలితో తడిమింది.

“వంకరగా కోసారు,” అంది.

“కోసావు,” అని సరిదిద్దాడు అక్రమ్.

ఆమె తల దించుకుని, పెదవి కొరుక్కుని, చివరికి నవ్వేసింది. “వంకరగా కోసావు.”

స్తంభం చాటున తాళ్ళు చుడుతున్న ఇమాం, ఆ తాళ్ళనే మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

వారం తిరక్కుండా ఇమాం కొడుకుని వెంటబెట్టుకుని నందిగామలో ఆస్మా ఇంటికి వెళ్ళాడు. ఆస్మా తల్లి రహీమాబీ టీ ఇచ్చింది. మర్యాదగా మాట్లాడింది గానీ, మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. పిల్లలిద్దరూ ఒకసారి మాట్లాడుకోవాలంటే, డాబా మీదికి వెళ్ళమంది.

కాసేపు అంతా నిమ్మళంగా ఉంది. తర్వాత పైనుంచి గొంతులు వినబడ్డాయి.

“నేను నందిగామ వచ్చేస్తానంటున్నాగా!”

“షాపెవరు చూస్తారు? నేనే పేట నుంచి రోజూ తిరుగుతా!”

“రోజూ బస్సులో నలుగుతావా? వీల్లేదు!”

“వీల్లేదనడానికి నువ్వెవరు?”

“అది తేల్చుకోడానికేగా వచ్చా!”

ఇమాంకి టీ గొంతులో అడ్డుపడింది. “చెల్లెమ్మా, తప్పుగా అనుకోకు. మావాడిది నోరే పెద్దది గానీ మనసు...”

రహీమాబీ ఆగమన్నట్టు చెయ్యెత్తింది. తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని, పైనుంచి వస్తున్న గొంతుని వింటోంది.

“ఆయన పోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నా కూతురు గట్టిగా మాట్లాడింది లేదన్నయ్యా,” అంది. “ఉద్యోగానికెళ్తుంది, వస్తుంది, తింటుంది, పడుకుంటుంది. వాళ్ళ నాన్నతో మాత్రం అచ్చం ఇలాగే అరిచేది.”

పైన ఆస్మా ఇంకో మాట గట్టిగా అంది. వెంటనే పకపకా నవ్వింది.

రహీమాబీ పైట చెంగుతో కళ్ళొత్తుకుని, ఇమాం కప్పులో ఇంకాస్త టీ పోసింది.

“వాళ్ళనలా పోట్లాడుకోనివ్వండి. మనం ఈలోపు తారీకు చూసుకుందాం.”