జ్ఞానానందం షాపులో కోట గేమ్

తెనాలి చెంచుపేటలో జ్ఞానానందం వీడియో గేముల షాపంటే, చీకటి పడ్డాక ఆ చాయలకి ఎవరూ వెళ్లేవారు కాదట. అతను చిన్నవయసులోనే జ్వరమొచ్చి పోయాడు. మూసిన షట్టరు వెనక మాత్రం రాత్రిళ్లు ఎవరో గొణుగుతుంటారని పేరు పడిపోయింది. చెప్పినవాళ్లే గానీ, వెనక్కి వెళ్లి చూసినవాడు ఒక్కడూ లేడు.

2008లో ఆ షాపుని సుధీర్ అద్దెకు తీసుకున్నాడు, నెట్ సెంటర్ పెడదామని. ఎదురింటి కోటేశ్వరమ్మ ఊరుకుంటుందా?

"ఒక్క రాత్రి పడుకుని చూడు బాబూ. తెల్లారి నువ్వేం చెబితే వీధంతా అదే నమ్ముతుంది" అంది.

భయపడి బయటికొచ్చాడా, పిల్లల్ని ఒక్క తల్లి కూడా పంపదు. షాపు తెరవకముందే మూతపడుతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక కంప్యూటర్లో కొత్త సీడీ పెట్టాడు. చిన్నప్పుడు ఇక్కడే ఆడిన కోట గేమ్... రంగులు, సంగీతం మార్చి మళ్లీ తెచ్చారు. నీళ్లు నిజం నీళ్లలా కదులుతున్నాయి. అయినా సుధీర్‌కి అనుమానమే. పైన పటారం, లోన లొటారం కాదు గదా?

జలపాతం వెనక ఒక దొంగదారి ఉండాలి. జ్ఞానానందం రిమోట్ చాటు చేసుకుని తెరిచేవాడు, ఎంత బతిమాలినా కిటుకు చెప్పేవాడు కాదు. సుధీర్ అన్ని మీటలూ నొక్కాడు. రాయి కదల్లేదు.

"తీసేశారు వెధవలు" అన్నాడు విసుగ్గా.

అప్పుడు — వెనక గోడ వైపు నుంచి గొణుగుడు.

"నిలబడితే... రాదు."

ఫ్యాను చప్పుడనుకుందామంటే ఫ్యాను ఇంకా బిగించనేలేదు.

"వంగు... వంగి, పదిదాకా లెక్కపెట్టు."

తెరమీద బొమ్మని వంగబెట్టే మీట నొక్కి పట్టుకున్నాడు. ఒకటి... రెండు... పది. రాయి మెల్లగా పక్కకి జరిగింది.

ఆ కిటుకు తెలిసినవాడు పోయి మూడేళ్లయింది!

సుధీర్ షట్టరు దాకా పరిగెత్తాడు. ఎత్తబోయి ఆగాడు. పారిపోతే షాపు పోయినట్టే. దేవుణ్ణి తలుచుకుని, టార్చి పట్టుకుని, ఓరగా ఉన్న వెనక కిటికీ తోశాడు.

బయట మెట్టు మీద కండువా కప్పుకుని ఒక పెద్దాయన. జ్ఞానానందం తండ్రి ఆశీర్వాదం.

"మావాడికి రోజూ క్యారేజీ తెచ్చి ఇక్కడే కూర్చునేవాణ్ణి బాబూ. చూసి చూసి ఆటంతా నోటికొచ్చేసింది. ఇంట్లో నిద్ర పట్టనప్పుడు ఇక్కడికొచ్చి చెప్పుకుంటుంటాను. ఇవాళ కిటికీ సందులోంచి నువ్వు ఆగిపోవడం చూసి నోరు ఊరుకోలేదు... ఎవరికీ చెప్పకయ్యా. తెలిస్తే మా అమ్మాయి బాపట్ల తీసుకుపోయి గడప దాటనివ్వదు."

సుధీర్‌కి ఏడుపొచ్చింది. "లోపలికి రండి బాబాయ్" అన్నాడు. తెల్లవార్లూ ఇద్దరూ ఆడుతూనే ఉన్నారు.

ఆయన వెళ్లిన కాసేపటికే కోటేశ్వరమ్మ సగం వీధిని వెంటేసుకొచ్చింది.

"ఏంటి బాబూ, దెయ్యం ఉందా లేదా?"

లేదంటే, మరి ఆ గొంతు ఎవరిదంటారు. ఉందంటే షాపు గల్లంతు. సుధీర్ తల గోక్కున్నాడు.

"ఉందండి పిన్నిగారూ. గేములో ఎక్కడ ఆగిపోయినా దారి చెబుతోంది."

సాయంత్రానికి షాపు ముందు స్కూలు పిల్లల సైకిళ్లు పెట్టడానికి చోటు లేదు.