ఎన్ని చుట్లు?

గుడియాత్తం నుంచి పరదరామి పోయే దోవలో ఒక పాత చెరువు ఉండాది. దాని కాలువకు నీళ్లు వదిలే తూము తెల్లదొరల కాలం నాటిదని విని, వేలూరులో మేము పనిచేసే చిన్న మ్యూజియం తరఫున నేనూ, మా ఆయన పూర్ణచంద్రా పోయినాం. నేను రిజిస్టరు రాస్తాను, ఆయన పాత ఇనుముకు తుప్పు తీస్తాడు. మరుసటి రోజే నీళ్లకు అడ్డుకట్ట వేసి, తూము తలుపును గ్యాస్ కట్టరుతో కోసి పాత ఇనుప సామానుకు అమ్మేస్తారంట. తలుపు మీద అచ్చు నంబరు దొరికితే, అది ఎప్పటిదో చూపించి ఆపించొచ్చు. చివరి నిమిషంలో ఈ పరుగులంటే నాకు ఒళ్లు మంట.

నంబరు తలుపు వెనకవైపు, చెరువుకట్ట కింది సొరంగంలో ఉండింది. సొరంగం పొడిగానే ఉంది గానీ, తలుపుకు అవతల చెరువు నిండా నీళ్లు. సాయంత్రం నాలుగు, మబ్బు కమ్మింది. ఆయన టార్చి పట్టుకుని కాలువ వైపు నుంచి లోపలికి దూరినాడు. నేను కట్ట మీద, తలుపును పైకెత్తే ఇనుప చక్రం దగ్గర కూర్చున్నాను. చక్రానికి నల్లటి గ్రీజు. పక్కన ఆ ఊరి మునిరత్నమ్మవ్వ. ఈ చక్రం తిప్పి నీళ్లు వదిలే నీరుగంటి పని ఒకప్పుడు ఆమె తాతది.

"లోపల మనిషి ఉండంగా చక్రం ముట్టొద్దమ్మా," అనింది అవ్వ గుసగుసగా.

"ఎందుకవ్వా?"

ఆమె కట్ట కిందికి తొంగి చూసింది. కింద నుంచి గబ్బిలాల కంపు, పాచి వాసన. కాసేపటికి గొంతు వినిపించింది.

"మూడు..."

నంబరు చెప్తున్నాడనుకుని రిజిస్టరులో మూడు వేసినాను.

"మూడు... మూడు..."

"వినపడిందయ్యా, రాసుకున్నాను."

గొంతు ఆగలేదు. వణుకుతా ఉంది. అడుగున నీళ్ల చప్పుడు... సన్నగా... అంతలోనే పెద్దగా. నా ఎడమచెయ్యి చూసుకున్నాను. అది చక్రం మీద ఉంది. చక్రం తిరుగుతా ఉంది...

అవ్వ నా జబ్బ గట్టిగా పట్టుకునింది. "అది తెలుగు కాదమ్మా. తమిళం. మూసెయ్యమంటా ఉండాడు."

తమిళంలో మూడు అంటే మూసెయ్యి అని. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే, మా ఆయన నోట వస్తోందనుకుని తెలుగులో విన్నాను. ఇద్దరం కలిసి చక్రాన్ని వెనక్కి తిప్పినాం. బిగుసుకుపోయేదాకా.

ఆయన నడుము దాకా తడిసి బయటికొచ్చినాడు. పట్టుకుని ఏడ్చేసినాను.

"నంబరు ఏడు," అన్నాడు పళ్లు కొట్టుకుంటూ. "నేనింకా చెప్పనే లేదు. నువ్వేంది, ఎన్ని చుట్లు, ఎన్ని చుట్లు అని ఒకటే అడుగుతా ఉంటివి?"

నేను అడగలేదు.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. "మా తాత అడిగినాడు. ఆ కాలంలో లోపల తంగరాజ్ అని ఒక కూలి మనిషి ఉండినాడు. మూడు అని అరిచినాడంట. తాతకు తమిళం రాదు... మూడు చుట్లు ఎత్తేసినాడు."

తలుపు బతికింది. ఇప్పుడు మా మ్యూజియంలో, చక్రంతో సహా, గోడకు ఆనించి ఉండాది.

మొన్న ఆదివారం ఆయన మా ఇంటి నీళ్ల తొట్టిలోకి దిగి కడుగుతా ఉండినాడు. నేను పైన వాల్వు దగ్గర నిలబడినాను. మునిసిపాలిటీ నీళ్లు రాని రోజు, అదే మేలయింది. లోపల నుంచి విసుక్కున్నాడు.

"మళ్లీ ఏంది సురేఖా, ఎన్ని చుట్లు అని?"

నేను నోరే తెరవలేదు. తొట్టిలోకి నీళ్లు వదిలే వాల్వు మూడు చుట్లు తెరిచి ఉంది. నా అరచెయ్యి నల్లగా ఉంది. మా వాల్వుకు మేమెప్పుడూ గ్రీజు పెట్టింది లేదు.